ఉగ్రవాది ముఖం వెతికితే దొరకదు

2025 నవంబరు 10 సాయంత్రం దిల్లీ ఎర్రకోట మెట్రో స్టేషన్ దగ్గర కారు పేలి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కారు నడిపిన వ్యక్తి ఫరీదాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య బోధించే డాక్టరని జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) వెల్లడించాక దేశమంతా ఒకే ప్రశ్న వేసింది. ప్రాణం పోయాల్సినవాడు ప్రాణం ఎలా తీశాడు? అంతకు కొద్ది రోజుల ముందే గుజరాత్ ఉగ్రవాద నిరోధక దళం హైదరాబాద్‌కు చెందిన మరో వైద్యుణ్ని అరెస్టు చేసింది. ఆముదం గింజల నుంచి రైసిన్ అనే విషం తయారుచేసే ప్రయత్నంలో ఉన్నాడన్నది అతడి మీద ఆరోపణ. ఈ కేసుల్లో నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానాలు. ఇక్కడ నేను చర్చించదలచింది మనందరికీ కలిగిన ఆశ్చర్యం గురించి.

డాక్టరు ఉగ్రవాది కావడం వింతగా తోచిందంటే, ఉగ్రవాది ఎలా ఉంటాడో మన మనసులో ముందే ఒక బొమ్మ ఉందన్నమాట. పేదవాడు, చదువు లేనివాడు, ఫలానా బస్తీవాడు, ఫలానా మతంవాడు, మతి చలించినవాడు. సామాన్యుడి మనసులో ఈ బొమ్మ ఉంటే నష్టం పరిమితం. నిఘా అధికారి, దర్యాప్తు అధికారి కూడా దాన్నే పట్టుకుని నడిస్తే దేశం రెండు విధాలుగా మూల్యం చెల్లిస్తుంది. అసలువాడు కళ్లముందు నుంచే దాటిపోతాడు. సంబంధం లేనివాడు జైలుకు వెళ్తాడు. దక్షిణాసియాలో గత మూడున్నర దశాబ్దాల అనుభవం ఈ రెండింటికీ సాక్ష్యం చెబుతోంది.

పేరు ప్రొఫైలింగ్‌కు, పని గుమస్తాది

నేరస్థలంలో దొరికిన ఆనవాళ్లను బట్టి నేరస్థుడి వయసు, స్వభావం, అలవాట్లు, నేపథ్యం అంచనా వేయడాన్ని క్రిమినల్ ప్రొఫైలింగ్ అంటారు. దీనికి పేరు తెచ్చిన కేసు న్యూయార్క్‌ది. 1940 నుంచి 16 ఏళ్లపాటు నగరంలో బాంబులు పెట్టిన ఒక వ్యక్తి గురించి జేమ్స్ బ్రస్సెల్ అనే మానసిక వైద్యుడు అంచనాలు వేశాడు. 1957 జనవరిలో జార్జ్ మెటెస్కీ దొరికినప్పుడు, చెప్పినట్టే గుండీలన్నీ పెట్టుకుని కోటు వేసుకున్నాడని లోకం అబ్బురపడింది. నిజానికి అతణ్ని పట్టించింది విద్యుత్ సంస్థలో పాత ఫైళ్లు తిరగేసిన ఒక మహిళా గుమస్తా. ఉద్యోగంలో గాయపడి, పరిహారం దక్కలేదని సంస్థ మీద కోపం పెంచుకున్న ఒక పాత ఉద్యోగి ఫైలు ఆమె కంటపడింది. బాంబులు పెట్టినవాడు పత్రికకు రాసిన ఉత్తరాల్లోని మాటలే ఆ ఫైల్లోనూ ఉన్నాయి. పేరు ప్రొఫైలింగ్‌కు వచ్చింది, పని ఫైలు చేసింది.

1972లో అమెరికా ఎఫ్‌బీఐ క్వాంటికోలో ప్రవర్తనా విజ్ఞాన విభాగం ఏర్పాటు చేసింది. తర్వాతి కాలంలో ఆ విభాగం అధికారులు శిక్ష అనుభవిస్తున్న 36 మంది హంతకులతో జైళ్లలో మాట్లాడి వివరాలు సేకరించారు. హంతకుల్ని పథకం ప్రకారం చంపేవారు, క్రమం లేకుండా చంపేవారు అని రెండు రకాలుగా విభజించారు. వరస హత్యల దర్యాప్తులో ఈ పరిశీలనలు కొంతమేర అక్కరకు వచ్చాయి. అయితే 2004లో బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం వంద మంది వరస హంతకుల నేరాలను విశ్లేషించి చూస్తే, ఈ విభజనకు గట్టి ఆధారం కనిపించలేదు. 2002 అక్టోబరులో వాషింగ్టన్ పరిసరాల్లో తుపాకీతో పదిమందిని చంపిన కేసులో నిపుణులు చాలామంది ఒంటరి శ్వేతజాతీయుణ్ని ఊహించారు. పోలీసులు తెల్ల వ్యాన్ కోసం గాలించారు. చివరకు దొరికింది నీలిరంగు కారులో తిరుగుతున్న ఇద్దరు నల్లజాతీయులు. ఆ మూడు వారాల్లో పోలీసులు ఆ కారు నంబరును పలుమార్లు తనిఖీ చేసి వదిలేశారు. వారిని పట్టించింది మరో రాష్ట్రంలోని పాత నేరస్థలంలో మిగిలిన వేలిముద్ర.

లండన్‌లో 1992లో జరిగిన రేచల్ నికెల్ హత్య కేసు మరింత పెద్ద హెచ్చరిక. మానసిక నిపుణుడు గీసిన చిత్రానికి సరిపోయాడని ఒక వ్యక్తిని అనుమానించి, ఒక మహిళా పోలీసును మారుపేరుతో స్నేహం చేయించి అతడి నోట నేరం ఒప్పించాలని చూశారు. 1994లో న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చారు. అసలు హంతకుడు మరొకడని 2008లో రుజువైంది. మధ్యలో అతడు ఇంకో తల్లినీ, నాలుగేళ్ల ఆమె బిడ్డనూ చంపాడు.

పిచ్చివాడు కాదు, మనలాంటివాడే

వరస హంతకుడి విషయంలోనే ఇంత తడబాటు ఉన్నప్పుడు, అదే పద్ధతిని ఉగ్రవాదికి వర్తింపజేయడం ఇంకా ప్రమాదకరం. సీఐఏలో పనిచేసిన మానసిక వైద్యుడు మార్క్ సేజ్‌మన్ 172 మంది జిహాదీల జీవితాలను పరిశీలించి 2004లో పుస్తకం రాశారు. వారిలో మానసిక రోగులు అరుదు. చదువుకున్నవారు, మధ్యతరగతివారు, పెళ్లిళ్లయినవారు చాలామంది. మూడింట రెండొంతుల మందిని ఆ దారిలోకి తీసుకెళ్లింది అప్పటికే ఉన్న స్నేహం. మరికొందరిని బంధుత్వం. సిద్ధాంతం ఆ తర్వాత బలపడింది. ఒంటరిగా దాడిచేసేవారిలో మాత్రం మానసిక సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కారణం ఊహించగలిగేదే. నిలకడ లేనివాణ్ని ఉగ్ర సంస్థలు కూడా నమ్మవు, దగ్గరకు రానివ్వవు.

మన పొరుగు దేశాల అనుభవమూ అంతే. 2016 జులై 1న ఢాకాలోని హోలీ ఆర్టిజాన్ బేకరీలో 20 మంది బందీలను చంపినవారిలో సంపన్నుల పిల్లలు, ఖరీదైన విద్యాసంస్థల్లో చదివినవారు ఉన్నారు. ఒకడి తండ్రి నాటి అధికార పార్టీ నాయకుడు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ రోజు శ్రీలంకలో 260 మందికి పైగా ప్రాణాలు తీసిన మానవ బాంబుల్లో ఇద్దరు కొలంబోలో పేరున్న సుగంధ ద్రవ్యాల వ్యాపారి కొడుకులు. ఇంకొకడు బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చదివి వచ్చాడు. ఆకలి వీరిని ఆ పనికి పంపలేదు. తమ సమూహానికి అన్యాయం జరిగిందన్న భావన, తనకంటే పెద్ద పనిలో భాగమన్న గర్వం, పక్కన ఉన్న మిత్రుల ఒత్తిడి, ఎదుటివారు మనుషులే కారన్న బోధ కలిస్తే మామూలు మనిషే ఆ మెట్లు ఒక్కొక్కటిగా దిగుతాడు.

దిగినవాడు ఎక్కగలడు కూడా. తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. నాలుగు దశాబ్దాలు అడవిలో గడిపిన పెద్దపల్లి జిల్లావాసి, మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 2025 అక్టోబరులో అరవై మంది సహచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. హింస పుట్టుకతో వచ్చే గుణమే అయితే ఇలాంటి లొంగుబాట్లు జరిగే అవకాశమే లేదు.

చూపు నుంచి తప్పించుకున్నవారు

బొమ్మకు సరిపోనివారు ఎలా దాటిపోతారో చెప్పడానికి డేవిడ్ హెడ్లీని మించిన ఉదాహరణ లేదు. పాకిస్థానీ తండ్రికి, అమెరికన్ తల్లికి పుట్టిన దావూద్ గిలానీ 2006లో పేరు మార్చుకున్నాడు. అమెరికా పాస్‌పోర్టు, తెల్లటి మేనిఛాయ, ఇంగ్లిష్ పేరు. ముంబయిలో వీసా సలహాల కార్యాలయం తెరిచాడు. 2008 నవంబరు 26 దాడికి ముందు ఐదుసార్లు భారత్ వచ్చి తాజ్ హోటల్‌ను, ఇతర లక్ష్యాలను వీడియో తీసుకుని వెళ్లాడు. దాడి ముగిశాక 2009 మార్చిలో మళ్లీ వచ్చాడు. విమానాశ్రయంలో అతడి ముఖంలో అనుమానించదగినది ఏదీ లేదు. అతడి ప్రయాణాల్లో ఉంది. భారత్ నుంచి పదేపదే పాకిస్థాన్‌కు వెళ్లడం, వ్యాపారం పేరుకే నడవడం. అతడి ఇద్దరు భార్యలు వేర్వేరు సందర్భాల్లో అమెరికా అధికారులకు అతడి గురించి చెప్పారు కూడా. ఆ సమాచారం మనవరకు చేరలేదు.

అంతకు పదిహేడేళ్ల ముందు శ్రీపెరుంబుదూరులోనూ ఇదే జరిగింది. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ మెడలో దండ వేయడానికి వచ్చిన యువతి మానవ బాంబు అని ఊహించే బొమ్మ నాటి భద్రతా సిబ్బంది దగ్గర లేదు. విధుల్లో ఉన్న మహిళా సబ్ ఇన్‌స్పెక్టర్ అడ్డుకోబోయినా రాజీవ్ వారించారు. అయితే ఆ బృందం పని దాచుకోలేనిది. మే 7న చెన్నైలో వీపీ సింగ్ సభకు వెళ్లి, ప్రముఖ నేతను ఎంత దగ్గరగా చేరవచ్చో ఎల్‌టీటీఈ ముఠా రిహార్సల్ చేసుకుంది. మనుషులు బొమ్మకు అందలేదు. సన్నాహం మాత్రం జనం మధ్యనే సాగింది.

చిక్కుకున్నవారు

బొమ్మ రెండో వైపు ఇంకా చేదైనది. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. వారి మీద పెట్టిన కేసులు కోర్టుల్లో నిలవలేదు. తర్వాత దర్యాప్తు పూర్తిగా వేరే దిశకు మళ్లింది, హిందూ అతివాద బృందం మీద అభియోగాలు దాఖలయ్యాయి. 2018 ఏప్రిల్‌లో ఆ ఐదుగురు నిందితులూ నిర్దోషులుగా బయటకొచ్చారు. పదకొండేళ్ల తర్వాత లెక్క చూస్తే, ఆ శుక్రవారం ప్రార్థనకు వెళ్లి చనిపోయినవారి ప్రాణాలకు ఒక్కరికీ శిక్ష పడలేదు. మాలెగావ్‌లో 2006 పేలుళ్ల కేసులోనూ మొదట తొమ్మిది మంది ముస్లింలను అరెస్టు చేశారు. ఐదేళ్ల తర్వాత బెయిలు, పదేళ్ల తర్వాత 2016లో కేసు నుంచి విముక్తి. అక్షర్‌ధామ్ దాడి కేసులో ముగ్గురికి పడిన ఉరితో సహా ఆరుగురి శిక్షలనూ సుప్రీంకోర్టు 2014 మే 16న రద్దు చేసింది.

ఒక అమాయకుణ్ని జైల్లో పెట్టిన ప్రతిసారీ అసలు నేరస్థుడికి అంత సమయం దొరుకుతుంది. ఆ బస్తీ నుంచి రేపు రావాల్సిన సమాచారమూ ఆగిపోతుంది. మానవ హక్కుల మాట పక్కన పెట్టి, కేవలం భద్రత కోణంలో చూసినా ఇది నష్టమే.

లెక్క వేసి చూసినా ప్రొఫైల్ నిలవదు. ఒక నగరంలో కోటి మంది ఉన్నారనుకుందాం. వారిలో వంద మంది ప్రమాదకరమైనవారు. 99 శాతం కచ్చితంగా పనిచేసే ప్రొఫైల్ మన చేతిలో ఉందనుకుందాం. అంత కచ్చితమైనది ప్రపంచంలో ఎక్కడా లేదు, అయినా సరే. అది ఆ వందలో 99 మందిని పడుతుంది. వారితో పాటు దాదాపు లక్ష మంది అమాయకులనూ పడుతుంది. అనుమానితుల జాబితాలో ప్రతి వెయ్యి మందిలో ఒక్కడే అసలువాడు. ఏ పోలీసు విభాగం ఆ జాబితాను మోయగలదు?

మనసు చదివే యంత్రాలు

బొమ్మతో పని జరగనప్పుడు దర్యాప్తు అధికారులు ఇంకో అడ్డదారి తొక్కారు. నిందితుడి మెదడులోంచి నిజాన్ని నేరుగా లాగడం. 2000 తర్వాత పదేళ్లలో నార్కో పరీక్ష, బ్రెయిన్ మ్యాపింగ్ టీవీ వార్తల్లో మార్మోగాయి. 2008లో బ్రెయిన్ మ్యాపింగ్ శాస్త్రీయం కాదని నిమ్హాన్స్ డైరెక్టర్ సారథ్యంలోని నిపుణుల కమిటీ తేల్చింది. అదే ఏడాది పుణెలో ఒక హత్య కేసులో న్యాయస్థానం దాన్ని శిక్షకు ఊతంగా తీసుకుంది. చివరకు 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

నిఠారీ కేసు ఈ అడ్డదారి ఎక్కడికి తీసుకెళ్తుందో చూపింది. 2006 డిసెంబరులో నోయిడాలో ఒక ఇంటి వెనక కాలువలో పిల్లల ఎముకలు బయటపడ్డాయి. ఇంటి పనివాడు నరరూప రాక్షసుడని దేశమంతా నమ్మింది. ఉరిశిక్షలు పడ్డాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు, దర్యాప్తు ప్రధానంగా అతడి ఒప్పుకోలు మీదే ఆధారపడిందంటూ దర్యాప్తు తీరును తీవ్రంగా తప్పుపట్టి, యజమానితో పాటు అతణ్నీ నిర్దోషిగా ప్రకటించింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు చివరి కేసులోనూ అతడి శిక్షను రద్దు చేసింది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రులకు మిగిలింది మొదటిరోజు ప్రశ్నే. రాక్షసుడి మనస్తత్వం గురించి గంటల తరబడి మాట్లాడుకున్నాం. రుజువులు సేకరించడంలో విఫలమయ్యాం.

అడుగుజాడలు చెప్పేది

మరి మనస్తత్వ శాస్త్రం భద్రతకు ఏ విధంగానూ పనికిరాదా? పనికొస్తుంది, ప్రశ్న మార్చితే. అమెరికా సీక్రెట్ సర్వీస్ 1949 నుంచి ప్రముఖుల మీద దాడిచేసిన, చేయబోయిన 83 మందిని అధ్యయనం చేసింది. వారందరికీ వర్తించే ప్రొఫైల్ ఏదీ లేదని తేలింది. లక్ష్యంగా ఎంచుకున్న వ్యక్తికి నేరుగా బెదిరింపు పంపినవారూ చాలా తక్కువ. అయితే దాడి ఎవరికీ ఒక్క రాత్రిలో తట్టిన ఆలోచన కాదు. వారు ఆయుధం సమకూర్చుకున్నారు, స్థలం చూసి వచ్చారు, ఎవరితోనో ఏదో అన్నారు, ఎక్కడో రాసుకున్నారు. అప్పటి నుంచి ఆ సంస్థ, ఇతడు ఎలాంటివాడు అన్న ప్రశ్న బదులు, ఇతడు దాడి వైపు ఎంత దూరం నడిచాడు అన్న ప్రశ్న వేయడం మొదలుపెట్టింది.

ఎర్రకోట కేసు దారం దొరికింది కూడా ఇలాగే. అక్టోబరులో శ్రీనగర్ శివారు నౌగామ్‌లో జైషే మహమ్మద్ పేరుతో గోడల మీద పోస్టర్లు వెలిశాయి. వాటిని పిల్లచేష్టగా కొట్టిపారేయకుండా పోలీసులు సీసీటీవీ దృశ్యాలు చూసి అంటించినవారిని గుర్తించారు. వారి నుంచి ఒక మత బోధకుడి దగ్గరకు, అక్కడి నుంచి డాక్టర్ల దగ్గరకు, చివరకు దాదాపు 2,900 కిలోల పేలుడు సామగ్రి దగ్గరకు చేరారు. ఒక్క కారు చెయ్యిజారి దిల్లీ చేరింది. ఆ పోస్టర్లను చించేసి ఊరుకుని ఉంటే ఎన్ని కార్లు చేరేవో ఊహించండి. వైద్యుల మీద ఏ అధికారికీ ముందుగా అనుమానం లేదు. చేసిన పని ద్వారా వారు బయటపడ్డారు.

శ్రీలంకలో దీనికి పూర్తిగా విరుద్ధం. బాంబు దాడుల సూత్రధారి జహ్రాన్ హషీం గురించి అతడి ఊరు కాత్తాన్‌కుడి ముస్లింలే ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. 2019 జనవరిలో పుత్తలం జిల్లాలో వంద కిలోల పేలుడు పదార్థాలు దొరికాయి. ఏప్రిల్ 4 నుంచి భారత నిఘా వర్గాలు హెచ్చరిస్తూ వచ్చాయి. చూడాల్సినవన్నీ కళ్లముందే ఉన్నాయి, కలిపి చూసినవారు లేరు. నాటి అధ్యక్షుడు సిరిసేన బాధితులకు 10 కోట్ల రూపాయలు సొంతంగా చెల్లించాలని 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఏం చేయాలి?

ఇన్ని లక్షల మందిలో ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని పోలీసు అధికారులు అంటారు. సిబ్బంది తక్కువ, సమయం తక్కువ, నిజమే. అందుకే ఆ తక్కువ వనరులను బస్తీల మీద, పేర్ల మీద ఖర్చుపెట్టకూడదంటున్నాను. పరిశ్రమ లేకుండా ఎరువుల రసాయనాలు టన్నుల్లో కొనేవాడు, పలుమార్లు చేతులు మారిన పాత కారును సొంత పేరు మీదకు మార్చుకోకుండా తిప్పేవాడు, చెప్పాపెట్టకుండా ఇల్లు విడిచిన చదువుకున్న కుర్రాడు. ఇలాంటి జాబితా చాలా చిన్నది, చాలా ఉపయోగకరమైనది. ఢాకా దాడిచేసినవారిలో కొందరి తల్లిదండ్రులు మా అబ్బాయి కనిపించడం లేదని నెలల ముందే పోలీసులకు చెప్పుకున్నారు.

మొదటగా, ప్రతి రాష్ట్ర నిఘా విభాగంలో మనస్తత్వ నిపుణులు, దర్యాప్తు అధికారులు, ఆర్థిక లావాదేవీల విశ్లేషకులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే బృందం కావాలి. వేర్వేరు స్టేషన్లలో పడి ఉన్న చిన్న చిన్న సమాచారాన్ని కలిపి చూడటమే వారి పని. రెండోది, కొడుకు తీరు మారుతోందని గ్రహించే మొదటి వ్యక్తి తల్లి. ఫిర్యాదు చేసిన మర్నాడే బిడ్డ మీద ఉపా కేసు పడుతుందని భయపడితే ఆమె నోరు విప్పదు. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో పోలీసులు, సాంఘిక సంక్షేమ సిబ్బంది కలిసి ఇలాంటి యువకులను నేరం జరగకముందే వెనక్కి తెచ్చే ఏర్పాటు చేశారు. నేరం చేసినవాడికి శిక్ష, చేయబోయేవాడికి తలుపు అన్న తేడా మన వ్యవస్థలోనూ స్పష్టంగా ఉండాలి. మూడోది, శిక్ష ఖరారైన ఉగ్రవాదులతో జైళ్లలో నిపుణులు సావకాశంగా మాట్లాడి, మన నేలకు సంబంధించిన అధ్యయనం తయారుచేయాలి. అమెరికా హంతకుల మీద రాసిన పాఠాలు కశ్మీరుకో, కోయంబత్తూరుకో అతకవు. నాలుగోది, రుజువులు. ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లడం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తప్పనిసరి చేసింది. దాని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఉంది. ప్రయోగశాలలు, నిపుణులు లేకుండా ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోతుంది.

రేపు మరో దాడి జరిగితే మొదటి గంటలోనే టీవీల్లో నేరస్థుడి బొమ్మ గీయడం మొదలవుతుంది. మంత్రులు, అధికారులు ఆ హోరుకు లొంగి రాత్రికి రాత్రే ఎవరినో ఒకరిని చూపించాలన్న తొందరపడితే మక్కా మసీదు కథే పునరావృతమవుతుంది. నౌగామ్ పోలీసులు పోస్టరు అంటించిన చెయ్యి ఎవరిదో ఓపికగా వెతికారు. మన భద్రతా వ్యవస్థకు కావాల్సింది ఆ ఓపికే.